చిత్రిక గీసిన సాక్ష్యం

1932 మార్చి 1, మంగళవారం రాత్రి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, హోప్‌వెల్ ఊరికి దగ్గర్లో చెట్ల మధ్య కొత్తగా కట్టిన ఇల్లు. ఆ ఇంటి యజమాని చార్లెస్ లిండ్‌బర్గ్. 1927లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ సముద్రాన్ని విమానంలో దాటి ప్రపంచమంతా పేరు మోగిన మనిషి. పై అంతస్తులో పడుకోబెట్టిన ఆయన ఇరవై నెలల కొడుకు, రాత్రి పది గంటల వేళ ఆయా వెళ్లి చూసేసరికి మంచంలో లేడు. గదిలో 50,000 డాలర్లు అడుగుతూ ఒక చీటీ దొరికింది. కిటికీ కింద తడి మట్టిలో నిచ్చెన కాళ్లు దిగబడిన గుంటలు, వాటి పక్కన ఒక అడుగుజాడ. ఇంటికి 75 అడుగుల దూరంలో మూడు ముక్కలుగా విడదీయడానికి వీలైన చెక్క నిచ్చెన పడి ఉంది. ఆ దగ్గర్లోనే ఒక ఉలి.

అడుగుజాడను చూసిన పోలీసు దగ్గర టేపు లేదు. చేతిలోని టార్చిలైటు పక్కన పెట్టి, దాని పొడవుతో అడుగు పొడవును అంచనా కట్టాడు. ప్లాస్టర్ పోసి అచ్చు తీయలేదు. దేశమంతా ఊపిరి బిగబట్టి చూసిన ఆ కేసులో కిటికీ కింది అడుగుజాడ విలువ అక్కడితో సరి. బూటు అడుగున అరుగుదల ఎక్కడుందో, మడమ ఎటు వాలిందో చెప్పగలిగిన ఆనవాలు ఆ తడి మట్టిలోనే కలిసిపోయింది.

నిచ్చెన మిగిలింది. చాలా చేతులు మారింది, వేలిముద్రల కోసం పొడులు చల్లించుకుంది. అయినా చెక్క గట్టిది, తన మీద పడిన గీతల్ని పట్టుకునే ఉంది. నేరం జరిగిన చోట పనిముట్టు ఆనవాళ్లు సేకరించడం గురించి ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఈ రెండూ. ఒకే రాత్రి, ఒకే నేల మీద దొరికినవి. ఒకదాన్ని సేకరించలేదు, పోయింది. రెండోది తన గట్టిదనం వల్ల నిలబడింది. ఆ తర్వాతి తరాల క్లూస్ టీములు నేర్చుకున్నదంతా, ఆనవాలు నిలవడాన్ని అలా అదృష్టానికి వదిలేయకుండా ఉండటమే.

మిల్లు నుంచి అడితి దాకా

వార్త పేపర్లో చదవగానే లిండ్‌బర్గ్‌కు ఉత్తరం రాసిన వాళ్లలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని ప్రభుత్వ ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబొరేటరీలో పనిచేసే ఆర్థర్ కోలర్ ఒకరు. కలపను సూక్ష్మదర్శిని కింద పెట్టి ఏ చెట్టుదో చెప్పడం ఆయన ఉద్యోగం. నిచ్చెన దొరికిందట, నేను చూస్తాను అన్నది ఆ ఉత్తరం సారాంశం. ముందు కొన్ని పేళ్లు మాత్రం ఆయన దాకా వచ్చాయి. అసలు నిచ్చెన ఆయన చేతికి వచ్చేసరికి 1933 వచ్చేసింది.

కోలర్ మొదట చేసిన పని నిచ్చెనను విప్పి, ప్రతి ముక్కకూ ఒక నంబరు ఇవ్వడం. మెట్లకు 1 నుంచి 11, నిలువు కర్రలకు 12 నుంచి 17. నాలుగు రకాల కలప కనిపించింది. దక్షిణాది రాష్ట్రాల పసుపు పైన్, డగ్లస్ ఫర్, పాండరోసా పైన్, ముక్కల్ని కలిపే గూటాలకు బర్చ్. చేసినవాడు దొరికిన కలపతో సర్దుకున్నాడన్నమాట.

అసలు ఆధారం అడుగు ముక్కకు వాడిన 12, 13 నంబరు పైన్ కర్రల్లో ఉంది. కలపను మిల్లులో నున్నగా చేసే ప్లేనర్ యంత్రంలో గుండ్రంగా తిరిగే దిమ్మకు వరసగా బ్లేడ్లు బిగించి ఉంటాయి. కర్ర ముందుకు జరుగుతుంటే ప్రతి బ్లేడూ దాని మీద చిన్న అల లాంటి గాడి తీస్తుంది. చేత్తో తడిమితే తెలియదు గానీ, దీపం పక్కవాటుగా పెట్టి చూస్తే నీడల వరసగా కనిపిస్తుంది. బ్లేడ్లన్నీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే మట్టంలో ఉండవు. ఏదో ఒకటి కాస్త ఎత్తుగానో, కాస్త మొండిగానో ఉంటుంది. దిమ్మ ఒక చుట్టు తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ బ్లేడు గీత కర్ర మీద మళ్లీ పడుతుంది. ఆ గీతకూ మళ్లీ వచ్చిన అదే గీతకూ మధ్య దూరం కొలిస్తే, దిమ్మ ఒక చుట్టు తిరిగేలోపు కర్ర ఎంత ముందుకు జరిగిందో తెలుస్తుంది. మధ్యలో ఉన్న అలల్ని లెక్కపెడితే ఎన్ని బ్లేడ్లో తెలుస్తుంది.

కోలర్ లెక్క ఇలా తేలింది. కర్ర పైనా కిందా గీకిన దిమ్మలకు ఎనిమిదేసి బ్లేడ్లు, అంచుల్ని గీకిన దిమ్మలకు ఆరేసి. పై దిమ్మ ఒక చుట్టు తిరిగేసరికి కర్ర 0.93 అంగుళం జరిగింది. అంచు దిమ్మ ఒక చుట్టుకు 0.86 అంగుళం. ఈ నాలుగు అంకెలు పట్టుకుని ఆయన న్యూయార్క్ నుంచి అలబామా దాకా ఉన్న 1,598 మిల్లులకు ఉత్తరాలు పంపించాడు. మీ యంత్రానికి ఎన్ని బ్లేడ్లు, ఒక అంగుళం మందం, నాలుగు అంగుళాల వెడల్పు పైన్ పలకలు చేస్తారా అని. అలాంటి బ్లేడ్ల అమరిక 25 మిల్లుల్లోనే ఉంది. వాళ్ల నుంచి నమూనాలు తెప్పించి గీతలు కొలిచాడు. దక్షిణ కరోలినాలోని మెకార్మిక్ ఊళ్లో డోర్న్ వాళ్ల మిల్లు దగ్గర లెక్క కుదిరింది. అక్కడికి వెళ్లి అడిగితే, 1929 సెప్టెంబరులో ఒక కొత్త పుల్లీ కొన్నామనీ, దానితో యంత్రం వేగం మారిందనీ చెప్పారు. అంటే నిచ్చెన కర్రలు ఆ మిల్లు నుంచి బయటికొచ్చింది 1929 సెప్టెంబరుకూ 1932 మార్చికీ మధ్య. ఒక పుల్లీ వ్యాసం నేరానికి వాడిన వస్తువు వయసు చెప్పింది.

తర్వాత నెలల తరబడి తిరుగుడు. ఆ మిల్లు సరుకు పంపిన ఊళ్లూ, అక్కడి కలప అడితులూ ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లారు. 1933 నవంబరు 29న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో, నేషనల్ లంబర్ అండ్ మిల్‌వర్క్ కంపెనీ దగ్గరికి చేరారు. ఆ సరుకంతా ఎప్పుడో అమ్ముడైపోయింది. కానీ అందులో కొన్ని పలకలతో అడితివాళ్లు తమకే కలప పెట్టుకునే అర కట్టుకున్నారు. దాన్నుంచి ఒక ముక్క కోసి చూస్తే, గీతల మధ్య దూరాలతో పాటు ఒక బ్లేడులో ఉన్న లోపం కూడా నిచ్చెన మీద ఉన్నట్టే కనిపించింది.

అక్కడ దారి ఆగిపోయింది. ఆ అడితిలో అమ్మకాలు రొక్కానికి. ఎవరు కొన్నారో పేర్లు లేవు. ఇంత తపస్సు చేసి గుమ్మం దాకా వచ్చిన మనిషికి తలుపు మూసుకుపోయినట్టయింది. అయినా నా దృష్టిలో కోలర్ చేసిన పనిలో అన్నిటికంటే గొప్పది ఇదే. అప్పటికి అనుమానితుడు లేడు. ఎవరి మీదా కోపం లేదు, ఎవరినీ ఇరికించాలనే ఒత్తిడి లేదు. కర్ర చెప్పింది విని, అది చూపిన దిక్కుకు నడిచాడు.

16వ నంబరు కర్ర

ఆయన రాసిపెట్టిన ఇంకో విషయం ఏడాదికి పైగా అలాగే ఉండిపోయింది. పై ముక్కలోని 16వ నంబరు కర్రకు నాలుగు పాత మేకు బెజ్జాలున్నాయి. గుండ్రటివి కావు, నలుచదరం. పాతకాలపు కోత మేకులవి. బెజ్జాల చుట్టూ తుప్పు మరక లేదు. కాబట్టి ఈ కర్ర నిచ్చెన కాకముందు ఏదో ఇంటి లోపల, వాన తగలని చోట మేకులతో కొట్టి ఉండేదని కోలర్ తేల్చాడు. దాని అంచుల్ని ఎవరో మొండిబారిన చేతి చిత్రికతో పట్టారని, ఆ చిత్రిక బ్లేడు గంట్లు పడి ఉందని కూడా.

1934 సెప్టెంబరులో కేసు వేరే దారిలో కదిలింది. పిల్లవాడి కోసం ఇచ్చిన డబ్బులో బంగారు సర్టిఫికెట్ నోట్లున్నాయి. వాటిలో ఒక పది డాలర్ల నోటు ఇచ్చినవాడి కారు నంబరును పెట్రోలు బంకులో కుర్రాడు ఆ నోటు అంచు మీదే రాసుకున్నాడు. ఆ నంబరు పట్టుకుని సెప్టెంబరు 19న పోలీసులు అరెస్టు చేసినవాడు బ్రూనో రిచర్డ్ హాప్ట్‌మన్. జర్మనీలో పుట్టి బ్రాంక్స్‌లో ఉంటున్న వడ్రంగి. కోలర్ వెళ్లి ఆగిన అడితిలో పని చేసినవాడే, 1931 డిసెంబరులో అక్కడ కలప కొన్నవాడే. అతని గ్యారేజీలో 13 వేలకు పైగా డాలర్ల నోట్లు దొరికాయి. పసివాడు మాత్రం 1932 మే 12నే అడవిలో శవమై కనిపించాడు.

హాప్ట్‌మన్ అద్దెకున్న ఇంటి అటక మీద నేలకు పరిచిన పలకల్లో ఒకదాని నుంచి కొంత భాగం కోసి ఉంది. పలక పోయిన చోట, కింది దూలాల్లో మేకు బెజ్జాలు మిగిలి ఉన్నాయి. 16వ నంబరు కర్రను అక్కడ పెడితే దాని నాలుగు బెజ్జాలూ దూలాల బెజ్జాల మీదికి, దూరంలోనూ వాలులోనూ సరిగ్గా వచ్చాయి. మిగిలిన అటక పలకలోని వలయాలూ, కర్రలోని వలయాలూ ఒకే చెట్టువని కోలర్ చూపించాడు.

విచారణ 1935 జనవరి 2న ఫ్లెమింగ్టన్ కోర్టులో మొదలైంది. కలప గురించి నిపుణుడనేవాడు లోకంలో లేడు, అదొక శాస్త్రమే కాదు అని ముద్దాయి తరఫు న్యాయవాది ఫ్రెడరిక్ పోప్ వాదించాడు. జడ్జి థామస్ ట్రెంచర్డ్ కోలర్‌ను చెప్పనిచ్చాడు. ఆ తర్వాత జరిగింది న్యాయస్థానాల చరిత్రలో అరుదైన దృశ్యం. కోలర్ జడ్జి బల్లకే వైసు బిగించి, అందులో ఒక కర్రముక్క పెట్టి, హాప్ట్‌మన్ చిత్రికతో అందరి ముందూ పట్టాడు. ఆ ముక్క మీద తెల్లకాగితం పరిచి పెన్సిలుతో రుద్దాడు. నాణెం మీద కాగితం పెట్టి పిల్లలు గీకినట్టే, బ్లేడు గంట్లు నల్లటి చారలుగా కాగితం మీద తేలాయి. నిచ్చెన కర్ర నుంచి తీసిన చారల్ని పక్కన పెట్టాడు. జ్యూరీలో కూర్చున్నవాళ్లు ఏ సూక్ష్మదర్శినీ లేకుండా తమ కళ్లతో పోల్చుకున్నారు.

ఫిబ్రవరి 13న నేరం రుజువైనట్టు తీర్పు వచ్చింది. 1936 ఏప్రిల్ 3న మరణశిక్ష అమలైంది. చివరిదాకా తాను చేయలేదనే అన్నాడు హాప్ట్‌మన్. అటక పలక పోలీసులే సృష్టించారని వాదించే పుస్తకాలు ఆ తర్వాత చాలా వచ్చాయి. నేను అనేది ఇంతే. నిచ్చెన తను ఎక్కడ పుట్టిందో, ఏ చిత్రిక కింద నుంచి వచ్చిందో చెప్పింది. ఆ రాత్రి దాన్ని ఎక్కింది ఎవరో, ఒక్కడే ఎక్కాడో లేదో చెప్పలేదు, చెప్పే వీలూ లేదు. పనిముట్టు గీతను నమ్మేవాళ్లు ఆ హద్దును కూడా నమ్మాలి.

తలుపు దగ్గర మొదటి గంట

ఇప్పుడు మన ఊళ్లకు వద్దాం. సంక్రాంతికో దసరాకో ఇంటికి తాళం వేసి సొంతూరు వెళ్తారు. తిరిగొచ్చేసరికి గొళ్లెం ఊడి వేలాడుతుంటుంది. తాళం కప్ప మెట్ల మీద ఉంటుంది. ద్వారబంధం మీద రెండు మూడు చోట్ల చెక్క నలిగి ఉంటుంది. లోపల బీరువా తలుపు అంచు వంగి ఉంటుంది. గునపం, పలుగు, గడ్డపార అని ప్రాంతాన్ని బట్టి పిలిచేదో, ఇనుప రాడ్డో, పెద్ద స్క్రూడ్రైవరో వాడి ఉంటారు. ఇంటివాళ్ల కళ్లు బీరువా వైపు పరుగెత్తుతాయి, అది సహజం. క్లూస్ టీము కళ్లు ముందు పోవలసింది ద్వారబంధం మీదికి.

అక్కడ రెండు రకాల గుర్తులుంటాయి. ఒకటి అదిమినది. రాడ్డును సందులో దూర్చి బలంగా వాల్చినప్పుడు దాని కొన ఆకారం చెక్కలో గుంటగా దిగుతుంది. రెండోది జారినది. కొన పట్టు తప్పి జారినప్పుడు దాని అంచు మీది సన్నటి గంట్లన్నీ పక్కపక్కన గీతలుగా పడతాయి. కటింగ్ ప్లేయరుతో తీగ తెంపినా, బోల్టు కట్టరుతో గొళ్లెం కోసినా కోత ముఖాల మీద పడేవి ఈ రెండో రకానివే. గుంట పనిముట్టు వెడల్పునూ ఆకారాన్నీ చెబుతుంది. గీతలు ఆ పనిముట్టు మాత్రమేనా అన్న ప్రశ్న దాకా తీసుకెళ్తాయి. కానీ వెడల్పు విషయంలో తొందరపడకూడదు. రాడ్డు మొత్తం కొన కాకుండా ఒక మూల మాత్రమే తగిలి ఉండొచ్చు. అప్పుడు గుంట పనిముట్టు కంటే సన్నగా ఉంటుంది.

ముందు ఫొటోలు. గది మొత్తం, తలుపు మొత్తం, తర్వాత గుర్తు దగ్గరగా. దగ్గరి ఫొటోలో గుర్తు ఉన్న మట్టంలోనే స్కేలు పెట్టాలి. కెమెరా గుర్తుకు నిలువుగా, ఏ పక్కకూ వాలకుండా ఉండాలి. లేకపోతే ఆ ఫొటోలో కొలత అబద్ధం చెబుతుంది. దీపాన్ని పక్కవాటుగా పెట్టాలి, ఎదురుగా ఫ్లాష్ కొడితే గీతల నీడలు మాయమైపోతాయి. దీపం దిక్కు మార్చి మార్చి తీయాలి, ఎందుకంటే ఒక దిక్కు నుంచి కనిపించిన గీత ఇంకో దిక్కు నుంచి కనిపించదు. గుర్తు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, తలుపుకు బయటి వైపా లోపలి వైపా అన్నది రాసుకోవాలి. లోపలి వైపు నుంచి పడిన గుర్తయితే కేసు కథే మారిపోతుంది. బయటి దొంగ పని అని చెబుతున్న ఇల్లు లోపలి నుంచే పగిలి ఉండొచ్చు.

అచ్చు తీసే ముందు చూడాల్సినది రంగు. గునపానికి వేసిన నల్ల రంగు పొరలు ద్వారబంధానికి అంటుకుంటాయి. ద్వారబంధం రంగు పొరలు గునపం కొనకు అంటుకుంటాయి. ఒకదాని మీద ఒకటిగా ఏళ్ల తరబడి వేసిన రంగుల వరస రెండు చోట్లా ఒకటే అయితే, కొన్నిసార్లు గీతల కంటే అదే ఎక్కువ చెబుతుంది. అచ్చు పదార్థం ఆ రంగుల్ని లాగేసుకోకముందే వాటిని విడిగా కాగితం మడతలో తీసి పెట్టుకోవాలి.

అన్నిటికంటే మంచిది గుర్తున్న వస్తువునే తీసుకుపోవడం. గొళ్లెం, తాళం కప్ప, తెగిన గొలుసు, కోసిన తీగ ఇవన్నీ తీసుకుపోగలిగినవే. తీగను పోలీసులే ఇంకోచోట కోసి తీయాల్సి వస్తే, తాము కోసిన కొనకు చీటీ కట్టి ఆ విషయం పంచనామాలో రాయాలి. అది మరిచిపోతే ల్యాబ్‌లో ఎవరో పోలీసు కట్టరు గీతల్ని దొంగ గీతలనుకుని రోజుల తరబడి చూస్తారు. ద్వారబంధం కోసి తీసుకుపోలేమనుకున్నప్పుడే అచ్చు. అడుగుజాడలకు వాడే ప్లాస్టర్ ఇక్కడ పనికిరాదు, అంత సన్నటి గీతలు అందులోకి రావు. పళ్ల డాక్టర్లు దవడ అచ్చుకు వాడే రకం సిలికాన్ ముద్దను గట్టిపరిచే మందుతో కలిపి గుర్తు మీద నింపితే కొద్ది నిమిషాల్లో రబ్బరులా బిగుస్తుంది. చలికాలం తెల్లవారుజామున ఇంకా సమయం పడుతుంది, తొందరపడి లాగితే చిరుగుతుంది. అచ్చు వీపున పై వైపు ఏదో, కేసు నంబరు ఏదో బిగిసేలోపే గుర్తు పెట్టాలి. పచ్చి చెక్క, పొరలు లేచే పాత చెక్క అయితే అచ్చుతో పాటు నారలు కూడా ఊడొస్తాయి. అందుకే ముందు వేరే చోట కొంచెం పెట్టి చూసుకుంటారు.

ఇంకొకటి. దొరికిన గునపాన్ని తెచ్చి గుంటలో పెట్టి సరిపోయిందా అని చూడటం ఎంత మాత్రం పనికిరాదు. సినిమాల్లో అలా చూపిస్తారు, మనసుకు కూడా అలా చేయాలనే అనిపిస్తుంది. పెట్టిన క్షణంలో గుంట మారిపోతుంది. ద్వారబంధం రంగు గునపానికి అంటుతుంది. రేపు కోర్టులో ఆ రంగు ఎప్పుడు అంటిందని ముద్దాయి తరఫు వకీలు అడిగితే జవాబు ఉండదు. అడగడం ఆయన హక్కు, బాధ్యత కూడా. దొరికిన పనిముట్టు కొనకు దేనికీ తగలకుండా కాగితమో అట్టో చుట్టి, తడిగా ఉంటే ఆరనిచ్చి, తుప్పు పట్టకుండా పంపాలి. ఎంత త్వరగా దొరికితే అంత మంచిది. ఈలోగా ఆ గునపంతో నాలుగు గుంటలు తవ్వినా, ఆకురాయి మీద ఒకసారి రుద్దినా కొన ముఖం మారిపోతుంది.

ల్యాబ్‌లో పని మెత్తటి సీసపు రేకుతో మొదలవుతుంది. కొన చెడకుండా ముందు దాని మీద గీతలు గీసి చూస్తారు. పనిముట్టును ఏ వాలులో పట్టుకున్నారన్నదాన్ని బట్టి గీతల వరస మారుతుంది కాబట్టి, నిటారుగా, వాల్చి, రెండు వైపులా తిప్పి పరీక్ష గీతలు తీస్తారు. వాటినీ, నేరస్థలం నుంచి వచ్చిన అచ్చునూ కంపారిజన్ మైక్రోస్కోపు కింద పెడతారు. రెండు సూక్ష్మదర్శినుల్ని ఒకే కంటిచూపులోకి కలిపిన పరికరం ఇది. చూపు మధ్యలో ఒక గీత, ఎడమవైపు ఒక వస్తువు, కుడివైపు ఇంకొకటి. 1920ల్లో న్యూయార్క్‌లో తుపాకీ గుళ్ల పోలిక కోసం ఫిలిప్ గ్రావెల్, కాల్విన్ గొడార్డ్ వాడుకలోకి తెచ్చారు. మన హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ గానీ, రామంతాపూర్‌లోని కేంద్ర ల్యాబ్ గానీ పోలిక చూడాలంటే అక్కడికి వచ్చిన అచ్చు బాగుండాలి. ద్వారబంధం దగ్గర పోయిన గీతను ఏ మైక్రోస్కోపూ తిరిగి తేలేదు.

ప్రపంచంలో ఇదొక్కటే అనగలమా?

కమ్మరి కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి, చేత్తో పదును పెట్టిన గడ్డపార కొన మీద గంట్లు ఒక్కోదానికి ఒక్కో తీరుగా ఉంటాయి. ఫ్యాక్టరీలో ఒకే అచ్చుతో చేసిన స్క్రూడ్రైవర్లు అలా కాదు. అచ్చులో ఒక లోపముంటే, ఆ అచ్చు నుంచి వచ్చిన అన్నిటికీ అదే లోపం. అది ఒకదాని సొంత గుర్తనుకుని పోల్చేస్తే, బజారులో అదే రోజు అదే రకం కొన్న ఏ మనిషైనా ముద్దాయి అవుతాడు. అనుభవమున్న నిపుణులు ఎక్కువగా భయపడేది ఇక్కడే. గీత తయారీలో వచ్చిందా, వాడకంలో వచ్చిందా అన్నది తేలాకే ముందుకు వెళ్తారు.

కోర్టులు ఈ శాస్త్రాన్ని రెండు విధాలా చూశాయి. వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1930లోనే, ఫర్ చెట్టు కొమ్మలు కోసిన జేబుకత్తి గీతల పోలికను సాక్ష్యంగా ఒప్పుకుంది. ఫ్లోరిడాలో కథ వేరు. జోసెఫ్ రమీరెజ్ అనే ముద్దాయి కేసులో, హతురాలి ఎముక పక్క మృదులాస్థి మీది గీత ఈ ఒక్క కత్తి వల్లే పడిందని, మరే కత్తి వల్లా కాదని నిపుణుడు చెప్పాడు. 1983లో జరిగిన నేరమది. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్షను మళ్లీ మళ్లీ కొట్టేసి, చివరికి 2001లో ఆ పద్ధతినే ఒప్పుకోలేదు. పోలికకు బయటివాళ్లు సరిచూసే కొలమానం ఏదీ, తప్పు ఎంత శాతమో ఎవరు లెక్కేశారు అన్నవి కోర్టును కదిలించిన ప్రశ్నలు. 2009లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ తరఫున వచ్చిన నివేదిక కూడా ఇదే చోట వేలు పెట్టింది. పనిముట్టుకూ పనిముట్టుకూ మధ్య తేడాలు ఎంతెంత ఉంటాయో సరిగా తెలియనంత వరకు, ఎన్ని గీతలు కలిస్తే చాలు అన్నది చెప్పలేమంది.

దీనితో ఈ శాస్త్రం కొట్టుకుపోయిందనుకోనక్కర్లేదు. నా అభిప్రాయంలో దాని గౌరవం పెరిగే దారి ఇది. నిపుణుడు ఇచ్చే జవాబుల్లో కలిసింది, కలవలేదు, తేలలేదు అని మూడుంటాయి. తేలలేదు అని రాయగలిగిన ల్యాబ్‌నే, కలిసింది అన్నప్పుడు నమ్మగలం. కలవలేదు అన్న జవాబు గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం గానీ, పాత కేసులున్నాయన్న ఒక్క కారణంతో స్టేషనుకు పట్టుకొచ్చిన కుర్రాడికి ఆ మాటే ప్రాణం. అతని ఇంట్లో దొరికిన రాడ్డు ఈ తలుపును తెరవలేదని గీతలు చెప్పగలవు. అలా చెప్పాలంటే పోల్చే మనిషికి కేసు కథ తెలియకపోవడం మంచిది. ముద్దాయి ఒప్పుకున్నాడట, సొమ్ము దొరికిందట అని విన్నాక చూసే కళ్లు కలిసే గీతల్నే వెతుకుతాయి. కోలర్ చేసిన పనిలో హాప్ట్‌మన్ పేరు పుట్టకముందు చేసిన సగాన్ని నేను ఎక్కువ నమ్మేది కూడా ఇందుకే.

చట్టం మారింది, తలుపు దగ్గర ఏం మారాలి?

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 176(3) సెక్షను ఉంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరం అయితే ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వచ్చి ఆనవాళ్లు సేకరించాలి, దాన్ని వీడియో తీయించాలి. దీన్ని అయిదేళ్లలోగా అమల్లోకి తెచ్చుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఇచ్చారు. ఇది హత్యలకూ అత్యాచారాలకూ మాత్రమేనని చాలామంది అనుకుంటారు. భారతీయ న్యాయ సంహిత 331వ సెక్షను చూడండి. రాత్రిపూట, దొంగతనం చేసే ఉద్దేశంతో ఇల్లు పగలగొట్టి చొరబడితే 14 ఏళ్ల దాకా శిక్ష పడొచ్చు. అంటే పండగ పూట పగిలిన ఆ తాళం కూడా నిపుణుడు వచ్చి చూడాల్సిన నేరస్థలమే.

ఇంతమంది నిపుణులు, ఇన్ని వాహనాలు ఎక్కడివి అన్న ప్రశ్న న్యాయమైనదే. ప్రతి దొంగతనానికీ ల్యాబ్ మనిషి వెంటనే రాలేకపోవచ్చు. కానీ స్కేలు పెట్టి, పక్కవాటు దీపంలో ఫొటో తీయడం ప్రతి స్టేషను హౌస్ ఆఫీసరుకూ, ప్రతి కానిస్టేబులుకూ నేర్పగలిగినదే. దానికి కావాల్సినది ఒక టార్చి, ఒక చిన్న స్కేలు, ఒక ఫోను. నిపుణుడు వచ్చేదాకా ఆ ద్వారబంధాన్ని ఎవరూ ముట్టకుండా కాపాడటానికి అదీ అక్కర్లేదు.

ఇంటివాళ్లు చేయాల్సినదీ ఉంది. మన ఇళ్లలో దొంగతనం బయటపడ్డ గంటలోపే వడ్రంగికి ఫోను పోతుంది. పోలీసులు వచ్చేసరికి కొత్త గొళ్లెం బిగించి, విరిగిన చెక్క మీద మేకు కొట్టి, పాత తాళం కప్పను చెత్తబుట్టలో వేసి ఉంటారు. ఆ రాత్రి మళ్లీ ఎవరైనా వస్తారేమోనన్న భయంలో ఇది తప్పనిపించదు, ఆ భయాన్ని నేను అర్థం చేసుకోగలను. తప్పదనుకుంటే ఇంకో గదికి తాళం వేసుకుని పడుకోండి, పక్కింటి వాళ్లను తోడు పిలవండి. పగిలిన తలుపును మాత్రం అలాగే ఉంచండి. ఊడిన గొళ్లెం, తాళం కప్ప, స్క్రూలు పడిన చోటే ఉండనివ్వండి. వాన తడిసే చోటైతే తాకకుండా పైన ఏదైనా కప్పండి. పంచనామా రాసేటప్పుడు గుర్తు ఎక్కడుంది, నేల నుంచి ఎంత ఎత్తు, వెడల్పు ఎంత, అచ్చు తీశారా, వస్తువు తీసుకుపోతున్నారా అన్నవి అందులో ఉన్నాయో లేదో చదివే సంతకం పెట్టండి. లేకపోతే రాయమని అడగండి. కొత్త గొళ్లెం ఆ తర్వాత బిగించుకోవచ్చు.